సర్వీసు నడుస్తోంది, సైటు మాత్రం 502 చూపుతోంది: గునికార్న్‌కూ ఎన్జింక్స్‌కూ మధ్య చిక్కు

ప్రశ్న (ఆకివీడు నుంచి)

మా చుట్టుపక్కల చెరువుల రైతుల కోసం వనామీ రొయ్యల ధరలను 30 కౌంటు, 50 కౌంటు, 100 కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) అని విడివిడిగా చూపే చిన్న వెబ్ అప్లికేషన్‌ను ఫ్లాస్క్ అనే పైథాన్ వెబ్ చట్రంలో రాశానండి. ల్యాప్‌టాప్‌లో ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఉబుంటు 22.04 ఉన్న అద్దె సర్వరు తీసుకుని, పైథాన్ అప్లికేషన్‌ను నడిపే గునికార్న్‌ను సిస్టమ్‌డీ (సర్వరులో సర్వీసులను నడిపించేది) సర్వీసుగా పెట్టి, దాని ముందు బ్రౌజర్ల అభ్యర్థనలను అందుకుని లోపలికి పంపే ఎన్జింక్స్‌ను ఉంచాను. సర్వీసు స్థితి అడిగితే ‘యాక్టివ్’ అని పచ్చగానే చూపుతోంది గానీ, బ్రౌజరులో తెరిస్తే 502 బ్యాడ్ గేట్‌వే వస్తోంది. కోడూ, ఎన్జింక్స్, గునికార్న్ మాట్లాడుకునే సాకెట్ ఫైలూ రెండూ నా హోమ్ డైరెక్టరీలోనే ఉన్నాయి. అప్లికేషన్‌లో లోపం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకడం లేదు. దయచేసి దారి చూపగలరు.

జవాబు (అమలాపురం నుంచి)

అప్లికేషన్‌లో వెతకడం ముందు ఆపండి. మీ పైథాన్ కోడులో తప్పు ఉండి ఫ్లాస్క్ దాకా అభ్యర్థన చేరి ఉంటే సాధారణంగా 500 వచ్చేది. 502 అన్నది వెనక ఉన్న గునికార్న్ నుంచి సరైన సమాధానం అందలేదని ఎన్జింక్స్ చెబుతున్న మాట. కాబట్టి ఎన్జింక్స్ ఎర్రర్ లాగ్‌లో చివరి పంక్తులు చూడండి. సాకెట్‌కు కనెక్ట్ కాలేకపోయానన్న వాక్యం పక్కన కుండలీకరణంలో ఒక అంకె ఉంటుంది. అది 2 అయితే ఎన్జింక్స్ వెతికిన చోట సాకెట్ ఫైలే లేదని, 111 అయితే ఫైలు ఉన్నా అవతల వినే ప్రక్రియ లేదని, 13 అయితే అనుమతి లేదని అర్థం. ఈ మూడింటికీ మందులు వేరు. అంకె చూడకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే కొత్త చిక్కులు వచ్చి పడతాయి.

ప్రశ్న అడిగినవారు

13 అని ఉందండి, పర్మిషన్ డినైడ్. కానీ సాకెట్ ఫైలుకు చదవడం, రాయడం, నడపడం అన్నీ అందరికీ ఇచ్చినట్టే కనిపిస్తోంది.

మరొకరు (రావులపాలెం నుంచి)

హోమ్ డైరెక్టరీ మొత్తానికి 777 (అందరికీ అన్ని అనుమతులూ) ఇచ్చేయండి, సైటు వెంటనే వస్తుంది.

జవాబు (అమలాపురం నుంచి)

రావులపాలెం మిత్రులు మన్నించాలి, ఆ పని మాత్రం చేయకండి. హోమ్ డైరెక్టరీలో ఎవరైనా రాయగలిగే స్థితి ఉంటే, దూరం నుంచి మిమ్మల్ని లోపలికి రానిచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వరు తన మామూలు సెట్టింగుల ప్రకారం మీ తాళంచెవి ఫైలును నమ్మడం మానేస్తుంది. పాస్‌వర్డుతో ప్రవేశాన్ని మూసేసి ఉంటే మీ సర్వరులోకి మీరే వెళ్లలేరు.

సాకెట్‌కు అన్ని అనుమతులూ ఉన్నా 13 ఎందుకు వస్తోందంటే, దానిని చేరడానికి దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీలోనూ దాటి వెళ్లే అనుమతి ఉండాలి. వీధి గేటుకు తాళం వేసి లోపలి గది తలుపులు బార్లా తెరిచి ఉంచితే చుట్టం లోపలికి రాలేడు కదా. ఉబుంటు 20.04 వరకు హోమ్ డైరెక్టరీలు 755తో (ఇతరులు దాటి వెళ్లగలరు) ఏర్పడేవి, 21.04 నుంచి 750తో (ఇతరులకు ఏ అనుమతీ లేదు) ఏర్పడుతున్నాయి. ఎన్జింక్స్ పనివారు (వర్కర్ ప్రక్రియలు) డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే వాడుకరి పేరుతో నడుస్తారు కనుక మీ హోమ్ దగ్గరే ఆగిపోతున్నారు. పాత వెర్షన్‌కు రాసిన పాఠాలను 22.04పై యథాతథంగా అనుసరించేవారిలో చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. నేమ్ఐ అనే ఆదేశానికి ఎల్ ఐచ్ఛికం ఇచ్చి సాకెట్ పూర్తి చిరునామా చెబితే, దారిలోని ప్రతి మెట్టు అనుమతినీ వరుసగా చూపుతుంది.

సాకెట్‌ను హోమ్‌లోంచి తీసి ‘రన్’ డైరెక్టరీ కింద, కోడును ‘ఎస్ఆర్‌వి’ కింద పెట్టుకోండి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (అప్లికేషన్‌కు కావలసిన పైథాన్ లైబ్రరీలుండే డైరెక్టరీని) మాత్రం అలాగే జరపకండి; దాని స్క్రిప్టుల్లో పాత చిరునామాలు రాసి ఉంటాయి కనుక కొత్త చోట మళ్లీ సృష్టించుకోవాలి. సర్వీసు ఫైలు మార్చాక డెమన్-రీలోడ్ (సిస్టమ్‌డీ చేత సర్వీసు ఫైళ్లను మళ్లీ చదివించే ఆదేశం) ఇవ్వకపోతే పాత ఫైలే అమల్లో ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

చెప్పినట్టే చేశాను, సైటు వచ్చింది. ‘రన్’ కింద ‘ధరలు’ అన్న అర్థం వచ్చే పేరుతో డైరెక్టరీని చేత్తో సృష్టించి, దాని యాజమాన్యం నా పేరున మార్చాను. అయితే నిన్న రాత్రి సర్వరును రీబూట్ చేశాక మళ్లీ 502 వచ్చింది. లాగ్‌లో ఈసారి అంకె 2.

జవాబు (అమలాపురం నుంచి)

‘రన్’ డైరెక్టరీ డిస్కుపై ఉండదండీ, మెమరీలో ఉంటుంది. రీబూట్ చేయగానే మీరు చేత్తో పెట్టినది తుడిచిపెట్టుకుపోతుంది, అప్పుడు సాకెట్ పెట్టుకోవడానికి గునికార్న్‌కు చోటు ఉండదు. సర్వీసు ఫైలులోని సర్వీస్ విభాగంలో ‘రన్‌టైమ్‌డైరెక్టరీ’ అనే పంక్తి చేర్చి ఆ డైరెక్టరీ పేరు మాత్రమే ఇవ్వండి, పూర్తి చిరునామా వద్దు. సర్వీసు మొదలైన ప్రతిసారీ సిస్టమ్‌డీయే దానిని మీ వాడుకరి పేరున సృష్టిస్తుంది, ఆపినప్పుడు తీసేస్తుంది. సర్వీసును ‘ఎనేబుల్’ చేశారో లేదో కూడా చూసుకోండి. ‘స్టార్ట్’ మాత్రమే చేసి ఉంటే రీబూట్ తరువాత అది దానంతటది లేవదు.

ప్రశ్న అడిగినవారు

రీబూట్ చేసి చూశాను, నిలబడింది. చాలా కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. చెరువుల్లో రొయ్యల పట్టుబడులు తెల్లవారుజామునే మొదలవుతాయి కనుక మావాళ్లు నాలుగు గంటలకే ధర నమోదు చేస్తారు. అది ముందురోజు తేదీతో చేరుతోంది. ల్యాప్‌టాప్‌లో ఇలా లేదు.

జవాబు (అమలాపురం నుంచి)

మీ ల్యాప్‌టాప్ భారత కాలమానంలోనూ, సర్వరు యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక కాలం)లోనూ ఉన్నాయి. మన కాలమానం 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి, ఉదయం ఐదున్నర లోపు సర్వరుకు ఇంకా నిన్నటి తేదీయే. సర్వరు గడియారాన్ని మార్చడం తేలికే గానీ, రేపు సర్వరు మారితే సమస్య మళ్లీ మొదటికొస్తుంది; కోడులోనే సరిచేయమని నా సలహా. పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్ఫో అనే మాడ్యూల్ భాషతోపాటే వస్తోంది. ‘ఏసియా/కోల్‌కతా’ అని అందులో ఇచ్చి ప్రస్తుత సమయాన్ని అడిగి, దాని నుంచి తేదీ తీసుకోండి. ఇప్పటికే చేరిన ధరల్లో అర్ధరాత్రికీ ఐదున్నరకూ మధ్య నమోదైనవాటి తేదీలు మాత్రమే తప్పుతాయి. ప్రతి నమోదుకూ సమయం కూడా భద్రపరచి ఉంటే, యూటీసీలో సాయంత్రం ఆరున్నర నుంచి అర్ధరాత్రి వరకు ఉన్నవాటిని ఎంచుకుని ఒక రోజు ముందుకు జరపండి. ఆ పని చేసే ముందు డేటాబేస్ నకలు తీసి పెట్టుకోండి.