ఆకులు ఏపుగా ఉన్నా బిగోనియా పూయడం లేదు, కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న

ఇంట్లో కుండీలో పెంచుతున్న నా బిగోనియాకు వెదురు గెడలా కణుపులున్న నిటారు కాండం, రెక్క ఆకారపు పొడవాటి ఆకులు, వాటి మీద వెండి చుక్కలు, అడుగున ముదురు ఎరుపు రంగు ఉన్నాయి. ఏడాదికి పైగా చిగుళ్లు వేస్తూ ఆరోగ్యంగా పెరుగుతున్నా, ఇంతవరకు ఒక్క మొగ్గ కూడా తొడగలేదు. కిటికీకి దూరంగా, గది మధ్యలో బల్ల మీద ఉంచి, ఆకుకూరలకు వేసే నత్రజని ఎక్కువున్న ద్రవ ఎరువునే దీనికీ రెండు వారాలకొకసారి ఇస్తున్నాను. పూల కోసం వేరే ఎరువు వాడాలా, లేక ఇది కేవలం ఆకుల అందం కోసం పెంచే రకమా? అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

మొదటి సమాధానం

మీరు చెప్పిన గుర్తులను బట్టి అది కేన్ బిగోనియా, అందులోనూ ఏంజెల్ వింగ్ అని పిలిచే రకం. ఆకుల కోసం పెంచేది ముఖ్యంగా రెక్స్ రకం. దానికీ పూలు వస్తాయి గానీ అవి చిన్నవిగా, ఆకుల మధ్య కనబడీ కనబడనట్టు ఉంటాయి. మీ మొక్క మాత్రం వెలుతురు సరిపోతే గుత్తులు గుత్తులుగా వేలాడే పూలు పూస్తుంది. కాబట్టి ఎరువు సంగతి తరువాత చూడవచ్చు, ముందు దాన్ని గది మధ్య నుంచి కదిలించండి.

మన కంటికి గది మధ్యలో వెలుతురు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, కిటికీ నుంచి నాలుగు అడుగులు వెనక్కి వచ్చేసరికే అది ఎంతో తగ్గిపోతుంది. ఆ కొద్దిపాటి వెలుతురుతో మొక్క ఆకులు వేసుకోగలదు గానీ, పూలకు కావలసిన శక్తిని కూడబెట్టుకోలేదు. మధ్యాహ్నం వేళ మొక్కకు, కిటికీకి మధ్య మీ చేయి అడ్డుపెట్టి చూడండి: ఆకు మీద వేళ్ల ఆకారం తెలిసేంత మెత్తని నీడ పడితే వెలుతురు చాలినట్టే, నీడ జాడే లేకపోతే చాలనట్టు. ఉదయపు లేత ఎండ తగిలే తూర్పు కిటికీ దీనికి చాలా అనుకూలం. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే మాత్రం ఆకుల అంచులు మాడిపోతాయి. ఒక్కసారిగా కిటికీ దగ్గర పెట్టకుండా, వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా జరపడం మంచిది.

రెండవ సమాధానం

వెలుతురు విషయంలో పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, అయితే ఎరువు కూడా మార్చవలసిందే. నత్రజని మితిమీరితే మొక్క బలమంతా ఆకులకే పోతుంది. అలాగని భాస్వరం దండిగా వేస్తే పూలు వచ్చేస్తాయన్న ప్రచారాన్నీ నమ్మకండి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న ద్రవ ఎరువును, డబ్బా మీద సూచించిన మోతాదులో సగమో పావువంతో నీళ్లలో కలిపి, మొక్క చురుగ్గా పెరిగే నెలల్లో మాత్రమే, మట్టి తడిగా ఉన్నప్పుడు పోయండి.

పై అంగుళం మట్టి ఆరిన తరువాతే నీళ్లు పోయాలి. వేళ్లు కుళ్లడం మొదలైతే పూల ఆశ వదులుకోవలసిందే. ఇప్పుడిప్పుడే పెద్ద కుండీకి మార్చకండి. వేళ్లు కుండీని కొంతవరకు నింపుకున్నప్పుడే బిగోనియా బాగా పూస్తుంది. కాండం సన్నగా సాగిపోయి ఉంటే కొనను కణుపుకు కాస్త పైన కత్తిరించండి. మొగ్గలు సాధారణంగా కొత్త పెరుగుదలలో, ఆకు కాడ కాండాన్ని కలిసే చోట పుడతాయి కాబట్టి, కొమ్మలు పెరిగిన కొద్దీ పూలు వచ్చే చోట్లూ పెరుగుతాయి. ఒకసారి మొగ్గలు కనిపించాక మాత్రం కత్తెర ముట్టుకోకండి.

మూడవ సమాధానం

వేరే రకాలు పెంచుతున్నవారి కోసం ఒక మాట చేరుస్తాను. రీగర్ అనే సంకర రకం బిగోనియాలు, దుంపలాంటి లావుపాటి కాండం నేల మీద పాకే రైజోమ్ రకాల్లో చాలా వరకు, పగలు తగ్గి రాత్రులు పెరిగే కాలంలో మొగ్గలు కడతాయి. అటువంటి మొక్క రాత్రి పొద్దుపోయేవరకు దీపం వెలిగే గదిలో ఉంటే దానికి దీర్ఘమైన చీకటి దొరకదు, పూత ఆలస్యమవుతుంది. దుంప బిగోనియా దీనికి పూర్తిగా భిన్నం: పగలు పొడవుగా ఉన్నప్పుడు పూసి, పొద్దు తగ్గే కొద్దీ దుంపను పెంచుకొని నిద్రావస్థలోకి వెళుతుంది. అప్పుడు నీళ్లు తగ్గించి విశ్రాంతినివ్వాలే తప్ప, పూలు రాలేదని ఎరువు పోయకూడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చేయి అడ్డుపెట్టి చూశాను, నీడ అసలే పడలేదు. మొక్కను తూర్పు కిటికీ వైపు జరపడం మొదలుపెట్టాను. పూలు వచ్చాక రాలిపోకుండా ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

మొదటి సమాధానమిచ్చినవారు

మొగ్గ దశలో కుండీ చోటు మార్చకండి, మట్టిని ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తకండి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. పూల మీద, ఆకుల మీద నీళ్లు చల్లితే బూజు, ఆకుమచ్చ తెగుళ్లు పట్టే ప్రమాదం ఉంది. విచ్చిన పూలలో కొన్ని త్వరగా రాలినా కంగారుపడవద్దు. బిగోనియాలో మగ పూలు, ఆడ పూలు ఒకే మొక్కకు విడివిడిగా వస్తాయి. రేకుల వెనుక మూడు రెక్కల చిన్న కాయలాంటిది ఉన్నది ఆడ పువ్వు. అది లేని మగ పువ్వు ముందుగా రాలిపోవడం సహజమే, ఆడ పూలు మాత్రం గుత్తికి చాలా రోజులు నిలుస్తాయి.