థెల్మా రిట్టర్: ఆరు నామినేషన్లు, సున్నా ఆస్కార్లు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

రెండోఆట

హిచ్‌కాక్ సినిమా రియర్ విండోలో నర్సు స్టెల్లాగా వేసిన అమెరికన్ నటి థెల్మా రిట్టర్ గురించి అడుగుతున్నాను. ఉత్తమ సహాయ నటి ఆస్కార్‌కి ఆరుసార్లు నామినేట్ అయి ఒక్కసారీ గెలవలేదని అందరూ రాస్తారు కానీ ఆ ఆరింటిలో రియర్ విండో లేదట. మరి ఆ ఆరు ఏవి, ఎవరి చేతిలో పోయాయి? తొలి సినిమా 1947లో అంటారు, టైటిల్స్‌లో పేరు లేదు. అందులో ఆవిణ్ణి ఎక్కడ పట్టుకోవాలి? అన్నీ చూసే తీరిక లేనివాళ్లు ఏ మూడు నాలుగు చూస్తే చాలు?

పాతరీలు

ముందు ఒక జాగ్రత్త. కొన్ని పట్టికల్లో సినిమా విడుదలైన ఏడు ఉంటుంది, కొన్నిటిలో ఆస్కార్ వేడుక జరిగిన ఏడు. రెండూ కలిపేస్తే లెక్క తేలదు. నేను రాసేవన్నీ విడుదల సంవత్సరాలు, వేడుక ఆ మరుసటి ఏడు.

1950, ఆల్ అబౌట్ ఈవ్. గెలిచింది హార్వీలో వేసిన జోసెఫిన్ హల్. అదే ఈవ్ నుంచి సెలెస్ట్ హోమ్ కూడా అదే విభాగంలో ఉంది కాబట్టి ఓట్లు చీలి ఉంటాయని నా లెక్క. 1951, ది మేటింగ్ సీజన్. ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్‌లో చేసిన కిమ్ హంటర్ గెలిచింది. ఆ ఏడాది నటనకిచ్చే నాలుగు ఆస్కార్లలో మూడు ఆ సినిమాకే పోయాయి. 1952, విత్ ఎ సాంగ్ ఇన్ మై హార్ట్. గెలిచింది ది బ్యాడ్ అండ్ ది బ్యూటిఫుల్‌లో గ్లోరియా గ్రాహమ్. 1953, పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్. ఎనిమిది ఆస్కార్లు ఊడ్చుకుపోయిన ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీలోని డోనా రీడ్‌కి వెళ్లింది. 1959, పిల్లో టాక్. ది డైరీ ఆఫ్ ఆన్ ఫ్రాంక్‌లో చేసిన షెల్లీ వింటర్స్ గెలిచింది. 1962, బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఆల్కట్రాజ్. ది మిరకిల్ వర్కర్‌లో హెలెన్ కెల్లర్‌గా వేసిన పాటీ డ్యూక్ గెలిచింది. ఆ పిల్ల ఆ పాత్రని అప్పటికే న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకశాలలో ఆడి ఆడి వచ్చింది.

పాత్రలు చిన్నవి కాబట్టే రాలేదని కొందరంటారు. అది నిలబడే మాట కాదు. గ్రాహమ్ గెలిచిన సినిమాలో ఆవిడ తెర మీద కనబడేది తొమ్మిది నిమిషాల చిల్లర.

రియర్ విండో 1954ది. అంటే వరసగా నాలుగేళ్ల నామినేషన్లు అయిపోయాక వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ సంవత్సరపు సినిమాలకు అవార్డులిస్తూ హాలీవుడ్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఒకేసారి జరిగిన 1955 మార్చి వేడుకలో రిట్టర్ పోటీలో లేదు కానీ న్యూయార్క్ వేదిక మీద వ్యాఖ్యాత ఆవిడే. హాలీవుడ్ వైపు బాబ్ హోప్.

గల్లాపెట్టె

1947 సినిమా మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్. మేసీస్ దుకాణంలో క్రిస్మస్ తాత ఒక పిల్లాడికి బొమ్మ ఫైరింజన్ తప్పకుండా వస్తుందని మాటిచ్చేస్తాడు. ఊరంతా తిరిగినా ఆ బొమ్మ దొరక్క విసిగిపోయిన తల్లి పక్కనే నిలబడి మండిపడుతుంది. ఆవిడే రిట్టర్. ఆ బొమ్మ ఫలానా దుకాణంలో ఉందని తాత చెప్పగానే నమ్మలేక చూసే చూపు గమనించండి. కాసేపటికి బొమ్మల విభాగం పెద్దాయన్ని వెతికి పట్టుకుని, ఇకనుంచి మేసీస్‌కే వస్తానని చెబుతుంది. అంతే పాత్ర. దర్శకుడు జార్జ్ సీటన్.

అప్పటికి ఆవిడకి 45 ఏళ్లు. పుట్టింది 1902 ఫిబ్రవరి 14న బ్రూక్లిన్‌లో. కొన్ని చోట్ల 1905 అని కనబడుతుంది, దాంతో వయసు లెక్క తప్పుతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డ్రమటిక్ ఆర్ట్స్‌లో చదివి, నాటకాలు వేసి, పిల్లల కోసం విరామం తీసుకుని, రేడియోతో మళ్లీ మొదలుపెట్టింది. ఆ మాట విరుపు మైకు ముందు ఇంకా పదునెక్కిందేమో అనిపిస్తుంది నాకు.

1949లో ఎ లెటర్ టు త్రీ వైవ్స్‌లోనూ టైటిల్స్‌లో పేరు పడలేదు. కర్క్ డగ్లస్ ఇంట్లో పనిమనిషి సేడీని చూడండి. దాని దర్శకుడు మాంకివిచ్. మరుసటి ఏడే ఆల్ అబౌట్ ఈవ్‌లో పేరున్న నటి దగ్గర పనిచేసే బర్డీ పాత్ర ఇచ్చాడు.

పాతరీలు

చూసే వరస నా దృష్టిలో ఇది. మొదట పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్, గంటా ఇరవై నిమిషాలే. మో అనే ముసలి ఇన్‌ఫార్మర్ పైకి నెక్‌టైలు అమ్ముతుంది, లోపల పోలీసులకి కబుర్లు అమ్ముతుంది. తను పోతే అనాథశవంలా పూడ్చేస్తారన్న భయంతో పాతిపెట్టే ఖర్చుకి డబ్బు కూడబెడుతుంది. అలిసిపోయి గదికి వచ్చే ఆఖరి సన్నివేశంలో గ్రామఫోన్ పాడుతూ ఉంటుంది. తుపాకీ పేలేటప్పుడు శామ్యూల్ ఫుల్లర్ కెమెరాని ఆవిడ మీద ఉంచడు. ఆ గొంతులోని అలసట అప్పటికే మొత్తం చెప్పేసింది. ఫ్రెంచి డబ్బింగ్ మాత్రం వద్దు. అందులో కమ్యూనిస్టు గూఢచారుల్ని మాదకద్రవ్యాల ముఠాగా మార్చేశారు, కథ అర్థంపర్థం లేకుండా పోతుంది.

తర్వాత ఆల్ అబౌట్ ఈవ్. ఆ నటి పంచన చేరిన ఈవ్ అనే అమ్మాయి చెప్పే కన్నీటి కథకి గదిలో అందరూ కరిగిపోతుంటే బర్డీ ఒక్క వెటకారంతో గాలి తీసేస్తుంది. ఆ పిల్ల సంగతి అందరికంటే ముందు పసిగట్టేదీ బర్డీయే. అయితే విందు ఘట్టం దాటాక ఆవిడ కోసం ఎదురుచూడకండి, కథలోంచి దాదాపు మాయమైపోతుంది. ఓటు వేసేవాళ్లకి చివరి గంటలో కళ్లెదుట లేకపోవడం కూడా దెబ్బే.

మూడోది రియర్ విండో, ఈసారి చేతుల కోసం చూడండి. జేమ్స్ స్టూవర్ట్ ఒళ్లు మర్దన చేస్తూనే చీవాట్లు పెడుతుంది. పని ఆగదు, మాట ఆగదు, ఒకదానికి ఒకటి అడ్డురాదు.

తెరవెనుక

ది మేటింగ్ సీజన్‌ని వదిలేశారు! పేరుకే సపోర్టింగ్ రోల్, కథంతా ఆవిడదే. హాంబర్గర్ కొట్టు మూతపడిన తల్లి, కొడుకు పెళ్లాడిన గొప్పింటి అమ్మాయిని చూడబోతుంది. కోడలు ఈవిణ్ణి వంటమనిషి అనుకుంటుంది. ఈవిడా నిజం చెప్పకుండా వంటింట్లోనే ఉండిపోతుంది. మన అత్తాకోడళ్ల సినిమాలు చూసి పెరిగినవాళ్లకి ఇది చప్పున ఎక్కుతుంది, కాకపోతే గయ్యాళితనం వెతక్కండి, ఇక్కడ అది ఉన్నది కోడలి తల్లి మిరియమ్ హాప్కిన్స్‌లో. అసలు ప్రధాన పాత్రలోనే చూడాలంటే కూకర్ తీసిన ది మోడల్ అండ్ ది మ్యారేజ్ బ్రోకర్ కూడా ఉంది, అందులో పెళ్లిళ్ల పేరమ్మ ఆవిడే.

మరో సవరణ. ‘అవార్డే రాలేదు’ అని రాస్తుంటారు, తప్పు. 1958లో న్యూ గర్ల్ ఇన్ టౌన్ అనే మ్యూజికల్‌కి బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది, అదే నాటకంలోని గ్వెన్ వెర్డన్‌తో సమానంగా.

రెండోఆట

పిల్లో టాక్ వదిలేయొచ్చా?

గల్లాపెట్టె

మొత్తం చూడక్కర్లేదు. డోరిస్ డే పనిమనిషి ఆల్మాగా రోజూ పొద్దున తలనొప్పితో దిగుతుంది. రాక్ హడ్సన్ ఆవిణ్ణి తాగించి కూపీ లాగుదామని బారుకి తీసుకెళ్తాడు. చివరికి తూలేది ఎవరో అక్కడే చూడండి.