గుబురుగా పెరిగిన చామంతి ఒక వైపే మొగ్గ తొడుగుతోంది, ఎందుకు?

కుండీలోని చామంతికి రోజూ 6 గంటలకు తక్కువ కాకుండా ఎండ తగులుతోంది. కొసలు తుంచిన చోటల్లా పక్క కొమ్మలు వేసి గుబురైంది. పేనుబంక లేదు, తెగులూ లేదు. మొగ్గలు మాత్రం గోడవైపు కొమ్మలకే, అవీ మిరియపు గింజంత. రెండో వైపు ఒక్కటీ లేదు. అటు పక్కనే రాత్రంతా వెలిగే దీపం ఉంది మరి.

రాత్రులు పొడవైతేనే చామంతి మొగ్గ తొడుగుతుందని తెలుసు. ఆ కాస్త వెలుగు కూడా అడ్డుపడుతుందా? నత్రజని ఎక్కువైందని కొందరంటున్నారు. అలాగైతే మొక్క అంతటా ఒకేలా ఉండాలి కదా!

కుండీ బరువైనది, జరపలేను. సాయంత్రం నుంచి ఉదయం దాకా నల్లగుడ్డ కప్పితే సరిపోతుందా? ఎన్ని వారాలు కప్పాలి? ఉన్న మొగ్గలకు ముప్పేమీ లేదు కదా? పెంచిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.