ముహూర్తానికి ఏ గామా? ఎస్-లాగ్3నా, సినీ4నా?

గాజువాక_వీడియో:
వచ్చే వారం పెళ్లి. తెల్లవారుజామున మూడింటికి గాజువాకలో ముహూర్తం, సాయంత్రం రుషికొండ దగ్గర ఆరుబయట రిసెప్షన్. నాది సోనీ ఏ7 త్రీ, అద్దెకు తెచ్చేది ఏ7 ఫోర్. రెండు కెమెరాల రంగులూ కలవాలంటే ఏ ప్రొఫైల్ (వెలుగును, రంగుల్ని ఎలా రికార్డు చేయాలో చెప్పే సెట్టింగు; అందులో వెలుగునీడల వంతు గామాది) పెట్టాలి? మండపానికి ఏ లెన్స్ మంచిదో కూడా చెప్పండి.

భీమిలి_తీరం:
ఏ7 త్రీలో లాగ్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వెలిసినట్టు రికార్డు చేసే ఎస్-లాగ్3 లాంటి గామా) జోలికి వెళ్లకండి. లోపల రికార్డయ్యేది 8 బిట్, అంటే ఒక్కో రంగుకు 256 మెట్లే. మన తీరంలో సూర్యుడు కొండల వెనక్కి దిగాక సముద్రం మీది ఆకాశం గులాబీ నుంచి నీలానికి మెల్లగా మారుతుంది కదా, పోయిన మాఘంలో దాన్ని ఎస్-లాగ్3లో తీశాను. గ్రేడింగ్‌లో, అంటే రంగులు సరిదిద్దేటప్పుడు, అది పట్టీలు పట్టీలుగా విడిపోయింది. పెళ్లికూతురి తండ్రికి ఏం చెప్పాలో తెలియక రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఎడిటింగ్_గది:
పన్నెండేళ్లుగా పెళ్లిళ్లు ఎడిట్ చేస్తున్నాను. తప్పు లాగ్‌ది కాదు, ఎక్స్‌పోజర్‌ది. ఎస్-లాగ్3లో 18 శాతం గ్రే (వెలుగు కొలవడానికి వాడే నడిమి బూడిదరంగు) సిగ్నల్‌లో 41 శాతం దగ్గర ఉంటుంది. ఒకటిన్నర స్టాపు (స్టాపంటే వెలుగు రెట్టింపు) ఎక్కువ వెలుగు ఇవ్వకపోతే నీడల నిండా నాయిసే, అంటే చుక్కలే.

భీమిలి_తీరం:
నేను చెప్పింది నాయిస్ గురించి కాదు, బ్యాండింగ్ గురించి, ఆ పట్టీల గురించి. వెలుగు పెంచితే 256 మెట్లు 300 అవుతాయా? నా వీడియో చూడకుండానే తప్పు నాదని తేల్చేశారు.

ఎడిటింగ్_గది:
8 బిట్ లాగ్‌లో నలభై పెళ్లిళ్లు ఇచ్చాను. ఒక్కరూ వంక పెట్టలేదు.

భీమిలి_తీరం:
అన్నీ ఫంక్షన్ హాల్లో తీసినవేనా? వాటిలో ఆకాశం ఉన్న షాటు ఒక్కటి చూపించండి.

అడవివరం_కెమెరా:
ఆకాశం సంగతి సాయంత్రం చూసుకోవచ్చు. ముహూర్తంలో అసలు పరీక్ష మధుపర్కాలది. ఆ తెల్లచీర మీద వీడియో లైటు పడిందంటే నేత చెరిగిపోయి కాగితంలా కనిపిస్తుంది. నేను సినీ4లో (లాగ్ అంత వెలవెలబోని గామా) జీబ్రా, అంటే వెలుగు మితిమీరిన చోట తెర మీద గీతలు చూపేది, 95 శాతానికి పెట్టుకుంటాను. భుజం మీది మడతలో గీతలు కదలగానే ఎపర్చర్ తగ్గిస్తాను. అప్పుడే తలంబ్రాలు పోసేటప్పుడు చీర మీద జారే పసుపు బియ్యం గింజ గింజా విడిగా తెలుస్తుంది.

పెళ్లికూతురి_అన్న:
మా చెల్లి పెళ్లి వీడియో బూడిదరంగులో చేతికిచ్చారు. అడిగితే ‘లాగ్ అంతేనండి’ అన్నారు. అమ్మ కట్టుకున్న చిలకపచ్చ పట్టుచీర పాత గోడలా ఉంది. గ్రేడింగ్ చేయలేనివారు లాగ్‌లో ఎందుకు తీయాలి?

ఎడిటింగ్_గది:
గ్రేడింగ్‌కు డబ్బు ఎవరిస్తున్నారు? డ్రోనుకు అడిగినంత ఇస్తారు, రంగులు సరిదిద్దడానికి వారం పడుతుందంటే ముఖం చిట్లిస్తారు.

మర్రిపాలెం_లైటింగ్:
ఏ గామా పెట్టినా షట్టర్ సెకనులో 50వ వంతు లేదా 100వ వంతులో ఉంచండి. మన కరెంటు 50 సైకిళ్లది. 60 పెడితే హాలు లైట్లు మిణుకుమంటాయి, దాన్ని ఏ గ్రేడింగూ బాగుచేయలేదు.

గాజువాక_వీడియో:
ముహూర్తానికి రెండింటిలోనూ సినీ4, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే సెట్టింగు) రెండింటికీ ఒకే కెల్విన్ అంకె. సాయంత్రం ఆకాశం వచ్చే షాట్లు ఏ7 ఫోర్‌లోనే, 10 బిట్ ఎస్-లాగ్3తో తీస్తాను. లెన్స్ గురించి ఎవరైనా చెప్పండి, రేపే అద్దెకు తెచ్చుకోవాలి.

భీమిలి_తీరం:
ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వచ్చే వెలుగు తగ్గించే అద్దం) మరవకండి. ఎస్-లాగ్3లో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) మామూలుగా 800 నుంచి మొదలు, నాలుగింటి ఎండకే తెల్లబారిపోతుంది. ఎడిటింగ్_గది గారూ, ఆ షాటు కోసం ఇంకా చూస్తున్నాను.