థండర్‌బర్డ్‌లో ఎవరి పేరు, హోదాతో వాళ్లకి సంతకం దానంతట అదే రావాలంటే?

చీమకుర్తి గెలాక్సీ:
ఒంగోలులో గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసు. 9 కంప్యూటర్లు, అన్నిట్లో విండోస్, మెయిల్‌కి థండర్‌బర్డ్ ప్రోగ్రాం. ఎవరి మెయిల్ ఐడీ వాళ్లకుంది, అది కాక సేల్స్ ఐడీ ఒకటి ముగ్గురు వాడతారు. మెయిల్ తెరవగానే కింద పేరు, హోదా, సెల్ నంబరు, లోగో రావాలి. బయటి దేశాల బయ్యర్లకి ఇంగ్లీషులో, క్వారీకీ లారీ ఆఫీసులకీ తెలుగులో. ఇప్పుడున్న తెలుగు సంతకం అను ఫాంట్‌లో చేసింది, అవతల పిచ్చి గుర్తులు కనబడతా ఉండాయంట. ఎట్టా చేయాలి?

పెన్నా ఒడ్డు:
అను ఫాంట్ యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి) కాదన్నా. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అట్టానే గుర్తులొస్తాయి. నాలుగు లైన్లేగా, యూనికోడ్‌లో మళ్లీ కొట్టండి.

సంతకానికి థండర్‌బర్డ్‌లోనే కొత్త మెయిల్ తెరిచి అందులో తయారు చేయండి. లోగో ఇన్సర్ట్ ఇమేజ్‌తో పెట్టండి, వెడల్పు 150 పిక్సెళ్లు చాలు. తర్వాత ఫైల్, సేవ్ యాజ్, ఫైల్‌లోకి వెళ్లి హెచ్‌టీఎంఎల్‌గా (వెబ్ పేజీ ఫైలుగా) దాచండి. వర్డ్ నుంచి పేస్ట్ చేస్తే దాని స్టైళ్ల చెత్తంతా వెంటే వస్తుంది, అక్షరాల సైజులు తేడా వస్తాయి.

అకౌంట్ సెట్టింగ్స్‌లో మీ ఐడీ నొక్కితే సంతకం పెట్టె కిందే 'ఫైల్ నుంచి జతచేయి' అనే టిక్కు ఉంటుంది. అది పెట్టి ఈ ఫైలు చూపించండి. తెలుగుదానికి మేనేజ్ ఐడెంటిటీస్‌లో అదే ఐడీతో ఇంకో ఐడెంటిటీ (పంపేవాళ్ల పేరు, సంతకం కలిపిన సెట్టింగ్) చేర్చి తెలుగు ఫైలు ఇవ్వండి. మెయిల్ రాసేటప్పుడు 'ఫ్రమ్' దగ్గర మారిస్తే సంతకం కూడా మారుతుంది.

ఒక చిక్కుంది. జవాబు రాసేటప్పుడు మెయిల్ ఏ ఐడీకి వచ్చిందో చూసి ఐడెంటిటీ ఎంచుకుంటుంది. రెండిటికీ ఐడీ ఒకటే కాబట్టి మొదటిదే తీసుకుంటుంది. ఎవరికి రాస్తున్నామో చూసి భాష మార్చే ఏర్పాటు థండర్‌బర్డ్‌లో సొంతంగా లేదు. అందుకని ఎక్కువ వాడేదాన్ని డిఫాల్ట్‌గా ఉంచుకోండి. సేల్స్ ఐడీకి కూడా ఏ కంప్యూటర్లో ఆ మనిషి సంతకమే డిఫాల్ట్.

కావలి కీబోర్డ్:
9 మందికీ చేత్తో చేస్తే ఎవరో ఒకరి సెల్ నంబరు తప్పుపడుద్ది. ఎక్సెల్‌లో పేరు, హోదా, నంబరు మూడు కాలమ్‌లు పెట్టి, ఒకే నమూనా హెచ్‌టీఎంఎల్ నుంచి పవర్‌షెల్ స్క్రిప్టుతో అందరి ఫైళ్లూ తీయండి. తప్పులు జరిగేది మూడు చోట్ల:

నంబరు కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే 91తో మొదలయ్యే 12 అంకెల్ని ఎక్సెల్ 9.19ఈ+11 అని చూపిస్తుంది, స్క్రిప్టు చదవడానికి దాచే సీఎస్‌వీలోకి (కామాలతో విడగొట్టిన టెక్స్ట్ ఫైలు) కూడా అదే పోతుంది.

సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలే.

విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఫైలు రాసే సెట్-కంటెంట్ ఆదేశానికి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని విడిగా చెప్పాలి. ఊరుకుంటే పాత ఆన్సీ అక్షర పద్ధతిలో రాసేసి తెలుగుని పోగొడుతుంది.

ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్లో పెట్టొద్దు, ఎవరివి వాళ్ల కంప్యూటర్లోనే ఉండాలి. నెట్‌వర్క్ తెగినప్పుడు సంతకం లేకుండానే మెయిల్ పోద్ది, పంపినాయన చూసుకోడు.

సింగరాయకొండ అడ్మిన్:
మీ మెయిల్ సర్వీసు మైక్రోసాఫ్ట్ 365 అయితే ఇదంతా సర్వర్‌లోనే చేయొచ్చు. ఎక్స్ఛేంజ్ అడ్మిన్‌లో (దాని మెయిల్ సర్వర్ సెట్టింగ్స్) మెయిల్ ఫ్లో రూల్ పెట్టి డిస్‌క్లెయిమర్‌గా (సర్వరే మెయిల్‌కి చేర్చే మాటలు) సంతకం ఇస్తే, రెండు వైపులా రెండేసి పర్సెంట్ గుర్తులు పెట్టిన డిస్‌ప్లేనేమ్, టైటిల్ లాంటి చోట్ల యూజర్ వివరాలు అదే నింపుకుంటుంది. కోడుతో కలిపి 5,000 అక్షరాలే పరిమితి. లోగోని లింకుగానే ఇవ్వాలి. జవాబుల్లో మాత్రం అది మీ మాటల కింద కాదు, పాత మెయిళ్లన్నీ దాటి అట్టడుగున పడుతుంది. బయ్యర్‌తో పది ఉత్తరాలు నడిస్తే పది సంతకాలూ అక్కడే పేరుకుంటాయి. అది ఆపాలంటే సంతకంలోని ఒక మాట మెయిల్‌లో ముందే ఉంటే వదిలెయ్యమని రూల్‌కి మినహాయింపు పెట్టాలి. 9 మందికైతే నా ఓటు పెన్నా ఒడ్డు గారి పద్ధతికే.

చీమకుర్తి గెలాక్సీ:
ఇద్దరి కంప్యూటర్లలో పెట్టి చూశా, తెలుగు బాగానే వచ్చింది. కానీ జవాబుల్లో సంతకం కోట్ చేసిన మెయిల్ కిందికి పోతా ఉంది. జీమెయిల్‌లో తెరిస్తే మూడు చుక్కల వెనక దాక్కుంటా ఉంది. ఒక కంప్యూటర్లో లోగో అసలు రాలేదు.

పెన్నా ఒడ్డు:
కంపోజిషన్ అండ్ అడ్రసింగ్‌లో జవాబు కోట్‌కి పైన మొదలవ్వాలనీ, సంతకం నా జవాబు కిందే ఉండాలనీ రెండూ మార్చండి. ఈ సెట్టింగ్ ప్రతి ఐడెంటిటీకీ వేరేగా ఉంటుంది, తెలుగుదానికీ చేయాలి.

మూడు చుక్కలకి కారణం సంతకం పైన థండర్‌బర్డ్ చేర్చే రెండు గీతలు. వాటి కిందదాన్ని జీమెయిల్ మడిచేస్తుంది. సెట్టింగ్స్, జనరల్ అడుగున కాన్ఫిగ్ ఎడిటర్‌లో సప్రెస్ అని వెతికి, పేరు చివర సిగ్నేచర్ సెపరేటర్ అనే లైను ట్రూ చేస్తే ఆ గీతలు రావు.

లోగో రాని కంప్యూటర్లో 'హెచ్‌టీఎంఎల్‌లో రాయి' అనే టిక్కు తీసేసి ఉంటుంది చూడండి. ప్లెయిన్ టెక్స్ట్‌లో బొమ్మ పోయి అక్షరాలే మిగులుతాయి.