అప్రెంటిస్‌లకు నేర్పే సీనియర్‌కి టార్గెట్ ఎంత తగ్గించాలి?

బాలానగర్‌లో మాది 60 మంది పనిచేసే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్ల) షాపు. కాంట్రాక్టు వాళ్లతో కలిపి 30 మంది, ఆపైన ఉంటే 2.5 నుంచి 15 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది చట్టం. ఇప్పుడు ఇద్దరున్నారు, ఆరుగురిని చేద్దామని ఉంది. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో ఒప్పందాలు, స్టైపెండు సంగతి తెలిసిందే.

చిక్కంతా నేర్పడం దగ్గరే. ఐటీఐ టర్నర్ పిల్లలకు వెర్నియర్ చూడటం వచ్చు. మైక్రోమీటరు ఇస్తే మాత్రం ఒత్తిడిని అదుపులో ఉంచే చివరి రాచెట్ వదిలేసి, థింబుల్ (తిప్పే గొట్టం) పట్టుకుని బిగిస్తారు, సైజు తక్కువ చూపిస్తుంది, సరిగ్గా తయారైన పీసు కూడా రిజెక్టులోకి పోతుంది. ఆఫ్‌సెట్‌లో (టూల్ స్థానాన్ని సరిచేయడానికి మెషీన్‌లో కొట్టే అంకెలో) దశాంశ పాయింటు ఒక్క స్థానం జరిగినా టూల్ వెళ్లి, పీసుని పట్టుకుని తిప్పే చక్‌ని గుద్దుతుంది. పక్కన నిలబడి చూపించాల్సిన సీనియర్‌కేమో షిఫ్టు టార్గెట్ ఉంటుంది. దాంతో పిల్లలు లోడింగ్‌కీ, చిప్స్ ఎత్తడానికీ పరిమితమైపోతున్నారు. అది వాళ్లకు అన్యాయం.

ఇలాంటి షాపులు నడిపేవాళ్లు చెప్పండి: సీనియర్‌కి టార్గెట్ తగ్గిస్తున్నారా, విడిగా అలవెన్సు ఇస్తున్నారా? ఆఫ్‌సెట్ మార్చే పని ఎన్నో నెలలో, ఏ పరీక్ష పెట్టి అప్పగిస్తున్నారు?