హబ్బార్డియా గడ్డి: విత్తనాలు దాచితే సరిపోతుందా?

ప్రశ్న:
పడమటి కనుమల్లో మాత్రమే పెరిగే హబ్బార్డియా హెప్టాన్యూరాన్ అనే గడ్డిని గురించి ఈమధ్య చదివాను. 1919లో సెడ్జ్‌విక్, బెల్ అనే ఇద్దరు జోగ్ జలపాతం దగ్గర దీనిని సేకరించారనీ, సుమారు మూడు దశాబ్దాల తరువాత ఆ ఎండు నమూనాల ఆధారంగా వృక్షశాస్త్రవేత్త ఎన్.ఎల్. బోర్ దీనికోసం ఒక కొత్త ప్రజాతినే (దగ్గరి పోలికలున్న జాతుల వర్గాన్ని) ఏర్పరిచారనీ, మళ్లీ ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందని ప్రకటించారనీ తెలిసింది. 2002లో శివాజీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.ఆర్. యాదవ్ బృందానికి ఇది కొల్హాపూర్ జిల్లా తిలారి ప్రాంతంలో దొరికింది. నా సందేహమల్లా ఒక్కటే. విత్తనాలను సేకరించి శీతల గిడ్డంగిలో భద్రపరిస్తే ఈ గడ్డికి ముప్పు తప్పినట్టేనా, లేక అది పెరిగే చోటును కూడా కాపాడి తీరవలసిందేనా?

మొదటి జవాబు:
చోటును కాపాడవలసిందేనని నా అభిప్రాయం. ఇది బయలు నేలల్లో మేతకు పనికివచ్చే మామూలు గడ్డి కాదు. నీడపట్టున, నిత్యం నీటి తుంపర పడుతూ చెమ్మ ఆరని రాతి గోడలను పట్టుకుని బతుకుతుంది. దీని ఆకులు చాలా పలుచన. గాలిలో తేమ తగ్గితే తట్టుకోలేవు. శరావతి నదిపై 1964లో లింగనమక్కి ఆనకట్ట పూర్తయిన తరువాత జోగ్ వద్ద నీటి ప్రవాహం తీరే మారిపోయింది. అక్కడ ఈ గడ్డి కనుమరుగు కావడానికి అదే ప్రధాన కారణమని భావిస్తారు. ఎవరూ దానిని పీకలేదు, పశువులు మేయలేదు, అగ్గి కాల్చలేదు. నీళ్లు దారి మళ్లాయి, అంతే. రేపు గిడ్డంగిలోని విత్తనాన్ని బయటికి తీసినా, చల్లడానికి అలాంటి తడి రాయి ఒకటి మిగిలి ఉండాలి కదా.

రెండో జవాబు:
పై మాటతో ఏకీభవిస్తూనే, విత్తనాన్ని తక్కువ చేసి చూడవద్దని మనవి. ఇంగ్లండులో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఇంటరప్టెడ్ బ్రోమ్ అనే గడ్డి ఉంది. పశుగ్రాసపు పొలాల్లో కలుపుగా పెరిగేది. విత్తనాలను శుభ్రం చేసే పద్ధతులు మెరుగుపడటంతోనూ, ఆ పశుగ్రాసాల సాగు తగ్గడంతోనూ క్షీణించి, 1972 తరువాత ఆరుబయట కనిపించకుండా పోయింది. దాని గింజలు మట్టిలో ఎక్కువ కాలం నిలవవు కనుక, దానంతట అది తిరిగి మొలిచే ఆశ కూడా లేదు. అయితే ఎడిన్‌బరోలోని వృక్షశాస్త్రవేత్త ఫిలిప్ స్మిత్ 1963లోనే సేకరించిన గింజలతో దానిని పెంచుతూ వచ్చారు. ఆ సంతతి వల్లనే 2004లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఆస్టన్ రోవంట్ అభయారణ్యంలో దానిని తిరిగి నాటగలిగారు. సాధారణంగా గడ్డిజాతుల విత్తనాలను బాగా ఆరబెట్టి మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే దశాబ్దాల పాటు మొలకెత్తే శక్తిని కోల్పోవు. కాబట్టి గిడ్డంగిని చోటుకు బదులుగా కాక, చోటు చెయ్యిదాటిపోయినప్పటి ఆసరాగా చూడాలి.

మూడో జవాబు:
చట్టం సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2022 సవరణకు ముందు, ఆరో షెడ్యూలులో మొక్కలకు దక్కినవి ఆరు పద్దులే. తిరుమల కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీ, కొన్ని ఆర్కిడ్లు, కుత్ అనే ఔషధ మొక్క, పురుగులను పట్టి తినే నెపెంథిస్ అందులో ఉన్నాయి గానీ ఒక్క గడ్డి కూడా లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టంలోని 38వ సెక్షను మాత్రం, అంతరించే దశలో ఉన్న ఏ జాతినైనా గుర్తించి ప్రకటించి, దాని సేకరణను నిషేధించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. అయితే మొక్కలను కోసుకుపోవడాన్ని ఆపగల ప్రకటన, ఎగువన నీటిని మళ్లించడాన్ని ఆపలేదు. ఈ గడ్డికి అసలు ముప్పు ఆ రెండోదానితోనే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. గడ్డిజాతులను ఖాయంగా పోల్చుకోవాలంటే కంకిలోని భాగాలను భూతద్దం కింద చూడక తప్పదు. (గడ్డి అనగానే మొహం చాటేసే వృక్షశాస్త్ర విద్యార్థులు నాకు చాలామంది తెలుసు.) చూసేవారు కరవైనచోట ఒక జాతి నిజంగా పోయిందో, ఎవరి కంటా పడలేదో చెప్పడం కష్టం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వర్షాకాలంలో తిలారి వైపు వెళ్లే అవకాశం ఉంది. ఈ గడ్డిని వెతకవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
రాతి గోడ దాకా పోకపోవడమే మంచిది. తడిసిన నాచు మీద ఒక్కసారి కాలు జారితే దానితోపాటు మొక్కలూ ఊడివస్తాయి. దారి పక్కనుంచి ఏదైనా ఈ గడ్డే కావచ్చనిపిస్తే ఫొటో తీసి, స్థలం వివరాలను బహిరంగంగా పెట్టకుండా, గడ్డిజాతులపై పనిచేసే పరిశోధకులకు నేరుగా పంపండి. నమూనా కోసం మాత్రం ఒక్క పరక కూడా తెంపకండి.